నమూనా

"ఒక్కసారి చెయ్యి ఇటివ్వు," అన్నాడు బొమ్మ.

దర్జీ నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని, బల్ల ఎక్కి నిలబడ్డ రాణి గౌను అంచు మడుస్తున్నాడు. ఎందుకని అడగడానికి నోరు ఖాళీ లేదు కనక, ఒక చేత్తో అంచు పట్టుకునే రెండోది చాపాడు. బొమ్మ ఆ చేతిని దీపం కిందికి లాక్కుని, చొక్కా మోచేతి దాకా మడిచి, పళ్ళెంలోంచి వేలితో రంగు తీసి ముంజేతి మీద గీత గీశాడు. గీత పాలిపోయినట్టు కనిపించింది. కాస్త నలుపు కలిపి పక్కనే మరో గీత గీశాడు. మూడో గీత చర్మంలో కలిసిపోయింది.

"సరిపోయింది."

"అదే! అచ్చం అదే!" పైనుంచి రాణి చప్పట్లు కొట్టాడు. "నిన్న అద్దం ముందు గంటసేపు తంటాలు పడ్డా కుదిరిచావలేదు. నమూనా ఎదురుగానే పెట్టుకుని ఊరంతా వెతికాను చూడు."

ఆ రంగు దేనికో దర్జీకి అప్పటికి అర్థమైంది.

టైర్ల దుకాణం మీది అంతస్తులో ఉన్న ఆ హాలు గే మగవాళ్ళ సంఘానిది. ఏడాదికొకసారి, ఒక ఆదివారం మధ్యాహ్నం, వాళ్ళక్కడ ఆటపాటల ప్రదర్శన పెడతారు. వారంలో ఐదు రోజులు బీమా ఆఫీసులో టై కట్టుకుని కూర్చునే పెద్దమనిషి ఆ వేదిక మీద ఆడవేషం కట్టి రాణి అవుతాడు. ముఖాలకి రంగులు వేసేవాణ్ణి అందరూ బొమ్మ అంటారు. బట్టలన్నీ కుట్టేది దర్జీ. కానీ సంఘంలో అతన్ని దర్జీ అని ఎవరూ అనరు, చిరుత అంటారు. అతనిది ఏటికి అవతలి ఒడ్డు. ఆ ఒడ్డు జనం నల్లగా ఉంటారు. నల్లటి మగవాడు పడగ్గదిలో ఎలా ఉంటాడో ఇవతలి ఒడ్డువాళ్ళకి ఒక ఊహ ఉంది, ఆ ఊహే ఈ పేరు పెట్టింది. పాపం అతనేమో సోడాబుడ్డి కళ్ళద్దాలవాడు, బస్సులో ఎవరైనా కాలు తొక్కితే తనే క్షమించమని అడిగే రకం. మొదటిసారి అలా పిలిచినప్పుడు నవ్వి ఊరుకున్నాడు. ఒకసారి నవ్వాక రెండోసారి కోపం తెచ్చుకోవడం చాలా కష్టం.

"తుంటి దగ్గర ఇంకో పొర స్పాంజి వెయ్యి," అన్నాడు రాణి.

దర్జీ సూదులు పళ్ళతో ఒక పక్కకి నెట్టి, "ఇప్పటికే మూడు పొరలు," అన్నాడు.

"మూడేం సరిపోతాయి? మీ ఒడ్డు ఆడవాళ్ళని నేను చూళ్ళేదనుకున్నావా?"

లాండ్రీలో పనిచేసే మనిషి మీద పాట అని మాత్రమే రాణి అతనితో చెప్పాడు. ఇప్పుడు సంచీలోంచి పట్టుగుడ్డ ఒకటి తీశాడు. తల వెనకనుంచి తెచ్చి, నుదుటి మీద రెండు మెలికలు వేసి, కొసని ఎడమ చెవి పైన దోపాడు. ఆ కట్టు ఇవతలి ఒడ్డున ఎవరికీ రాదు. ఇస్త్రీ ఆవిరికి కారే చెమట కళ్ళలో పడకుండా అవతలి ఒడ్డు ఆడవాళ్ళు అలా కట్టుకుంటారు.

"ఎవరు నేర్పారు నీకు?"

"నాకూ గురువులున్నారు బంగారం," అని రాణి బల్ల దిగాడు. కనబడని బట్టల బండి ఒకటి తోస్తున్నట్టు చేతులు చాచి నడిచాడు. కుడి మోకాలు వంచకుండా, బరువంతా ఎడమ తుంటి మీద వేసి, నాలుగడుగులకోసారి ఆగి నడుం పట్టుకుని, ఆకాశంకేసి చూసి నిట్టూర్చాడు. రిహార్సలుకి వచ్చిన ఎనిమిదిమందీ పడీ పడీ నవ్వారు. ఒకడు కుర్చీలోంచి జారి నేల మీద కూలబడ్డాడు.

దర్జీ నవ్వలేదు. ఆ నడక ఎవరిదో అతనికి తెలుసు. ఆ ఆగడం, నడుం పట్టుకోవడం, ఆ నిట్టూర్పు అన్నీ తెలుసు. తొమ్మిదేళ్ళనుంచి పిలవగా పిలవగా, ఆ నడక మనిషి ఈ ఆదివారం మొదటిసారి ఈ హాలుకి వస్తానంది. కొడుకు మగవాళ్ళని ప్రేమించే మనిషని ఒప్పుకోవడానికి ఆమెకి మూడేళ్ళు పట్టింది. అతనివాళ్ళ మధ్య వచ్చి కూర్చోవడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. ముందు వరసలో ఆమెకి కుర్చీ కూడా చెప్పి ఉంచాడు.

అతను నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి స్పాంజిలో గుచ్చాడు. లేచి నిలబడ్డాడు. చేతి మీద గీతలు రెండు అలాగే ఉన్నాయి.

"ఈ పాట వద్దు," అన్నాడు.

ఎవరూ వినలేదు. వాళ్ళింకా నవ్వుతూనే ఉన్నారు.

*

గురువారం సాయంత్రం ఆరింటికి సంఘం కూర్చుంది. దర్జీ పట్టుబట్టి కూర్చోబెట్టాడు. పన్నెండు కుర్చీలు గుండ్రంగా వేశారు. అధ్యక్షుడు మాస్టారు. డ్రాయింగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ముప్ఫై ఏళ్ళ కిందట పోలీసులు ఇదే హాలు మీద పడ్డప్పుడు ఆయనవి ముందు పళ్ళు రెండు రాలాయి. అందుకని ఆయన మాట్లాడితే అందరూ తలొంచుకుని వింటారు.

"ముందు అందరూ చల్లబడండి," అన్నారు మాస్టారు. "మనం ఇన్నేళ్ళు బతికి బట్టకట్టింది నవ్వుతోటే. పూజారిని వెక్కిరించాం, పోలీసుని వెక్కిరించాం, మన అమ్మానాన్నల్ని వెక్కిరించాం. ఎవర్ని వెక్కిరించాలో ఎవర్ని కూడదో పట్టిక రాసుకుంటే ఇంక వేదిక ఎందుకు?"

"పోలీసు మన పళ్ళు రాలగొట్టాడు మాస్టారూ," అన్నాడు దర్జీ. "లాండ్రీ ఆవిడ మీకేం చేసింది?"

ఇద్దరు ముగ్గురు కుర్చీల్లో కదిలారు.

"నేను వెక్కిరిస్తున్నానని ఎవరన్నారు?" రాణి గొంతు పెంచాడు. ఆఫీసునుంచి నేరుగా వచ్చాడేమో, టై ఇంకా మెడకే ఉంది. "ఆ తలగుడ్డ ఎంత అందంగా ఉంటుందో మీవాళ్ళకే విలువ తెలీదు. దాన్ని నేను వేదిక ఎక్కిస్తున్నా. గౌరవం తెస్తున్నా."

దర్జీకి ఒళ్ళు మండింది. అతనికి నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. మాటలు గొంతులో ఒకదాన్నొకటి తోసుకుని వచ్చాయి.

"గౌరవమా? లాండ్రీ వెనక గదిలో ఉన్నంతసేపే మా అమ్మ తలకి ఆ గుడ్డ. ముందు కౌంటర్లోకి వెళ్ళాలంటే తీసేసి జేబులో కుక్కుకోవాలి. కస్టమర్లకి అసహ్యంగా ఉంటుందని మేనేజరు బోర్డు రాసి పెట్టాడు. ఆమె తల మీద ఉంటే అసహ్యం, నీ తల మీదకి రాగానే అందం! మరి తుంటి మీద నాలుగు పొరలు? అదీ గౌరవమేనా? ముఖానికి పూసుకునే ఆ రంగో? పాటవగానే నువ్వు సబ్బుతో కడుక్కుని ఇంటికి పోతావు. మా అమ్మ దేంతో కడుక్కోవాలి?"

"అబ్బా, చిరుతకి కోపం వచ్చిందిరోయ్," అన్నాడు ఎవరో, వాతావరణం తేలిక చేద్దామని.

"అదొకటి!" దర్జీ అటు తిరిగాడు. "తొమ్మిదేళ్ళనుంచి చిరుత, చిరుత. ఏం చూసి? మీ ఫోన్లలో జత వెతుక్కునే యాప్ తెరిస్తే ఈ గదిలో ముగ్గురి పేజీల మీద రాసి ఉంది. అవతలి ఒడ్డువాళ్ళు పలకరించొద్దు, ఏమనుకోవద్దు, ఎవరి ఇష్టం వాళ్ళది అని. నాకు చదవడం రాదనుకున్నారా? ఇంకో ఇద్దరు గదికి రమ్మని పిలుస్తారు, తెల్లారి సందులో ఎదురైతే షాపుల బోర్డులు చదువుకుంటూ పోతారు. బయటివాళ్ళు మనల్ని మనుషుల్లా చూడరని ఏడుస్తాం. లోపల మనం చూసేది ఇలాగా?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మనమంతా ఒక్కటే కదా," అన్నారు మెల్లగా. "మనలో మనకి రంగుల గొడవలు దేనికి?"

"ఒక్కటే అయితే ముఖానికి రంగు పూసుకోవడం దేనికి?"

తను నెగ్గుతున్నానని దర్జీకి ఆ క్షణం అనిపించింది. తోడు కోసం బొమ్మ వైపు తిరిగాడు. బొమ్మది తూర్పు కొండల దేశం. సన్నగా ఉంటాడు, మెత్తగా మాట్లాడతాడు, అందుకని సంఘం ఆ పేరు పెట్టింది. "నువ్వు చెప్పు బొమ్మా. నీకు తెలుసుగా."

బొమ్మ గోళ్ళ కింది రంగు గీక్కుంటున్నాడు. తలెత్తలేదు.

"తెలుసు. నిరుడు నన్ను ముడుచుకుపోయే పెళ్ళికూతుర్ని చేశారు. మాటకి ముందు వంగి దణ్ణం పెట్టాలి, చిన్న చిన్న అడుగులెయ్యాలి. కళ్ళు సన్నగా గీసుకోమన్నారు. నా కళ్ళు నాకు ఉండగా వాటి మీద మళ్ళీ అవే కళ్ళు గీసుకున్నాను. ఆ గౌను కుట్టిందెవరు?"

దర్జీ తన చేతులకేసి చూసుకున్నాడు.

"మోకాళ్ళ దగ్గర ఇంకాస్త బిగించనా, అడుగు పడకుండా ఉంటుంది అని అడిగిందెవరు? నవ్వావు కూడా. నోట్లో సూదులు కింద పడ్డాయి, నేనే ఏరి ఇచ్చాను. బొమ్మా బొమ్మా అని ఇప్పుడు కూడా పిలుస్తున్నావు."

చెంప మీద కొట్టినట్టయింది దర్జీకి. అవును, నవ్వాడు. పైగా ఆ బిగింపు భలే కుదిరిందని వారం రోజులు మురిసిపోయాడు కూడా. అందరి మీదా ఉన్న కోపంలోకి తన మీద కోపం వచ్చి కలిసింది. కలిసి పెరిగిందే కానీ తగ్గలేదు.

అప్పుడు రాణి నవ్వుతూ కాలు మీద కాలు వేసుకున్నాడు. "ఇంత గొడవ పడుతున్నావు కానీ, అసలు ఆ కట్టు నాకు నేర్పిందెవరో తెలుసా? మీ అమ్మే. పోయిన వారం మీ ఇంటికి వెళ్ళాను. టీ ఇచ్చింది. ఎదురుగా కూర్చోబెట్టుకుని తన చేత్తో కట్టింది. ఆవిడకి లేని బాధ నీకెందుకు?"

దాంతో అయిపోయింది. అందరి ముఖాల్లోకీ ప్రాణం వచ్చింది. ఆవిడే ఒప్పుకుందా, మరింకేం అనుకున్నారు. చేతులెత్తమన్నారు. పాట ఉండాలని ఎనిమిది, వద్దని మూడు. మాస్టారు ఎటూ ఎత్తలేదు. ఆ మూడింట్లో ఒకటి బొమ్మది. చెయ్యైతే ఎత్తాడు కానీ దర్జీ ముఖం చూడలేదు.

*

శుక్రవారం టీ విరామానికి దర్జీ లాండ్రీ వెనక తలుపు దగ్గరికి వెళ్ళాడు. లోపల ఆసుపత్రి దుప్పట్లు కుప్పలుగా ఉన్నాయి. తల్లి ఆవిరి యంత్రం ముందు నిలబడి ఉంది. దుప్పటి రెండు కొసలూ పట్టి ఝాడించి, పలక మీద పరిచి, ఎడమ కాలితో మీట తొక్కింది. ఒకప్పుడు కుడికాలితో తొక్కేది. మీద పలక దిగింది, బుస్సుమని ఆవిరి లేచింది, ఆమె ముఖం అందులో మాయమై మళ్ళీ కనబడింది.

"ఏరా, ఈ వేళప్పుడొచ్చావు? తిన్నావా?"

"ఆదివారం రావద్దమ్మా."

ఆమె దుప్పటి మడత పెట్టింది. "ఏం?"

"హాలు దొరకలేదు. ఆట లేదు."

"నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పుడూ రాలేదు," అంది తల్లి. "ఆ బీమా ఆఫీసు అబ్బాయి పాట గురించేనా?"

దర్జీ గోడకి ఆనుకున్నాడు. చెప్పాడు. స్పాంజి పొరల గురించి చెప్పలేకపోయాడు కానీ రంగు గురించి, నడక గురించి చెప్పాడు. "తలగుడ్డ కట్టడం నువ్వే నేర్పావట. ఎందుకు నేర్పావు? వాడు నవ్వులాటకి అడుగుతున్నాడని తెలీలేదా నీకు?"

ఆమె ఇంకో దుప్పటి పరిచింది. మీట తొక్కింది. ఆవిరి తగ్గేదాకా ఆగింది.

"నడవమన్నాడు కూడా," అంది.

"ఏంటి?"

"వంటింట్లోంచి గుమ్మం దాకా నడవమన్నాడు. మూడుసార్లు. బండి తోస్తున్నట్టు చేతులు పెట్టమన్నాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. నాకేమైనా మతిపోయిందా, తెలీకపోవడానికి?"

"తెలిసీ నడిచావా!"

"నీవాళ్ళు కదరా." ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది. "మన ఒడ్డున నీకెవరూ లేకుండా పోయారు. మీ బాబాయి గుమ్మం తొక్కనివ్వడు. ఉన్నది ఈ నలుగురే. నేను కాదంటే రేపు నిన్నేమంటారో, నిన్ను దూరం పెడతారేమో అనుకున్నాను. మూడుసార్లు నడిస్తే నాకు పోయేదేముంది?"

దర్జీకి దుప్పట్ల కుప్పని ఒక్క తన్ను తన్నాలనిపించింది. రాణి ఇంటికి వెళ్ళి వాణ్ణి వాడి వంటింట్లోంచి గుమ్మం దాకా మూడుసార్లు నడిపించాలనిపించింది. తొమ్మిదేళ్ళుగా నవ్వి ఊరుకున్న తనకీ, మూడుసార్లు నడిచిన తల్లికీ తేడా ఏమీ లేదు. ఈ నలుగురూ ఎక్కడ దూరమవుతారోనని ఇద్దరూ నోరుమూసుకున్నారు. దాన్నే ఎదుటివాడు ఒప్పుకోవడం అని రాసుకున్నాడు.

"నువ్వు రావద్దు," అన్నాడు మళ్ళీ.

"వస్తాను. తొమ్మిదేళ్ళు పిలిచి ఇప్పుడొద్దంటే ఎలా? నువ్వు ఎవరి మధ్య బతుకుతున్నావో నేను చూడొద్దా?" కౌంటర్లో గంట మోగింది. ఆమె తలగుడ్డ విప్పి, మడిచి జేబులో పెట్టుకుని, కుడి మోకాలు ఈడ్చుకుంటూ ముందు గదిలోకి వెళ్ళింది.

*

శనివారమంతా దర్జీ ఆ గౌనే కుట్టాడు. మానేద్దామని రెండుసార్లు లేచాడు. సగం కుట్టిన బట్ట వదిలేస్తే అతనికి చేతులు లాగుతాయి. పైగా తను కుట్టకపోతే ఎవడో ఒకడు అతికించి ఇస్తాడని తెలుసు. ఒంటికి అతుక్కునేలా కావాలన్నాడు రాణి. అలాగే కుట్టాడు. వీపు పొడుగునా ఇరవై రెండు హుక్కులు పెట్టాడు. వేసుకున్నవాడు తనంతట తను పెట్టుకోలేడు. ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య ఉండే మూడు నిమిషాల్లో అవన్నీ పెట్టడం సంఘంలో దర్జీకి తప్ప ఎవరికీ చేతకాదు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. తెర సందులోంచి అతను ముందు వరస చూశాడు. తల్లి పెట్టెలోంచి తీసిన మంచి బట్టలు కట్టుకుని, చేతిసంచీ పక్క కుర్చీ మీద పెట్టి, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. ఆసుపత్రిలో పిలుపు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. పక్కవాళ్ళు పలకరిస్తే తల ఊపుతోంది. మేనేజరు ముందు నవ్వే నవ్వు ముఖాన తగిలించుకుంది. ఆ నవ్వు చూడలేక దర్జీ తెర వదిలేశాడు.

వెనక గదిలో రాణి అప్పటికే రంగు పూయించుకుని, తలగుడ్డ కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. గౌనులో చేతులు దూర్చి, వీపు తిప్పి నిలబడ్డాడు. "ఊఁ, కానీ."

దర్జీ కింది హుక్కు పట్టుకున్నాడు. పెట్టాడు. రెండోది పెట్టాడు. మెడ కింద రంగు ఆగిపోయిన చోటు అతనికి సరిగ్గా కళ్ళ ముందు ఉంది. అక్కడిదాకా తన చేతి రంగు, అక్కడినుంచి రాణి తెల్లటి వీపు. మూడో హుక్కు పట్టుకుని వదిలేశాడు.

"ఆగావేం? పాట పడుతోంది."

"నేను వెళ్తున్నాను."

"ఎక్కడికి?"

"మా అమ్మ ఒక్కతే కూర్చుంది."

"పిచ్చెక్కిందా నీకు? హుక్కులు ఎవడు పెడతాడు?" రాణి గౌను ముందు నుంచి పట్టుకుని గిర్రున తిరిగాడు. బొమ్మ కనబడ్డాడు. "నువ్వు రా! తొందరగా!"

బొమ్మ తొట్టి దగ్గర కుంచెలు కడుగుతున్నాడు. "నేనా? నేను మెత్తని మనిషిని. నా చేతుల్లో అంత బలమెక్కడిది?" అని కుళాయి ఇంకాస్త తిప్పాడు.

దర్జీ పక్క మెట్లు దిగి, చేతిసంచీ తీసి తల్లి ఒళ్ళో పెట్టి, ఆ కుర్చీలో కూర్చున్నాడు. పాట మొదలైంది. వేదిక మధ్యలో గుండ్రంగా దీపం పడింది. దాంట్లోకి ఎవరూ రాలేదు. పాట ఆగింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. జనం గుసగుసలాడారు. వెనకనుంచి ఎవరో ఈల వేశారు.

"ఏమైందిరా?" అంది తల్లి.

"గౌను వెనక తెరుచుకుని ఉందమ్మా. నేను మూయలేదు."

ఆమె అతనికేసి చూసింది. "నిన్ను మళ్ళీ రానిస్తారా?"

"తెలీదు. రానివ్వకపోతే రానివ్వరు."

మాస్టారు నడవలోంచి గబగబా వచ్చారు. చెమటలు పట్టి ఉన్నారు. వంగి, గొంతు తగ్గించి, అయినా ముందు రెండు వరసలకీ వినబడేలా, "చిరుతా, నీకు దణ్ణం పెడతాను, వెళ్ళి ఆ హుక్కులు పెట్టు. సంఘం పరువు పోతోంది," అన్నారు.

దర్జీ కదల్లేదు.

తల్లి మాస్టారికేసి తిరిగింది. ముఖాన ఇందాకటి నవ్వు లేదు. "వీణ్ణి ఏమని పిలిచారు?"

మాస్టారు నిటారుగా నిలబడ్డారు. "అదీ... ముద్దుపేరండీ. ఇక్కడ అందరికీ ఉంటాయి."

"చిరుతా?" ఆమె కొడుకుని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసింది, ఎప్పుడూ చూడనట్టు. "వీడు పిల్లి అరిస్తే తలుపేసుకుంటాడు. వీడికి చిరుత అని పేరెందుకు పెట్టారు?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమని, వెంటనే ఆపుకున్నారు. గుసగుసలు తగ్గిపోయాయి. వేదిక మీద ఖాళీ దీపం అలాగే వెలుగుతోంది.

"చెప్పండి మాస్టారూ," అంది ఆమె. "మీరు చదువు చెప్పిన మనుషులు. వీడిలో ఏం చూసి పెట్టారో నాకర్థమయ్యేలా చెప్పండి."

మాస్టారు దర్జీకేసి చూశారు, నువ్వే ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించు అన్నట్టు. ఈసారి దర్జీ నవ్వలేదు. అతను కూడా తల్లితోపాటు ఆయనకేసే చూస్తూ కూర్చున్నాడు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఆమె జవాబు కోసం కాచుకుని ఉంది.